డెబియన్‌లోకి కొత్తగా వచ్చేవారికి: పని వెతుక్కోవడం, చోటు సంపాదించుకోవడం

లైనక్స్ ఆధారిత డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు యజమాని అంటూ ఎవరూ లేరు. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టు 16న ప్రకటించిన ఈ ప్రాజెక్టును ఇప్పుడు వివిధ దేశాలలోని వెయ్యిమంది దాకా అధికారిక సభ్యులు, సభ్యత్వం లేకుండానే పనిచేసే మరెందరో కలిసి స్వచ్ఛందంగా నడుపుతున్నారు. 2025 ఆగస్టు 9న వెలువడిన 13వ విడుదలలో దాదాపు 70 వేల ప్యాకేజీలు, అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధంగా కట్టిన సాఫ్ట్‌వేర్ మూటలు, ఉన్నాయి. కొందరికి వారి సంస్థలే ఈ పనికి సమయం ఇస్తాయి గాని, చాలా ప్యాకేజీల బాగోగులు ఎవరో ఒకరు తమ సాయంత్రాలలో, సెలవు రోజులలో చూసుకుంటున్నవే. ఇందులో చేరాలనుకునే తెలుగువారికి, ముఖ్యంగా లైనక్స్ వాడడం వచ్చి, ఇక తామూ ఏదైనా చేయాలనుకుంటున్న విద్యార్థులకు, ఉద్యోగులకు పనికివచ్చే సంగతులు ఇక్కడ చెబుతున్నాను.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసిన నియమం ఒకటి ఉంది. 1998లో సభ్యులు ఆమోదించిన డెబియన్ రాజ్యాంగం ప్రాజెక్టు కోసం పనిచేసి తీరాలనే బాధ్యతను ఎవరిపైనా మోపదు. తనకు అప్పగించిన పని చేయడం ఇష్టంలేని వ్యక్తి దానిని చేయనక్కరలేదు; కాకపోతే నియమాలకు, సక్రమంగా తీసుకున్న నిర్ణయాలకు ఎదురుగా పనిచేయకూడదు. కొత్తవారు ఈ నియమాన్ని రెండు వైపుల నుంచీ చదువుకోవాలి. మీకు పని చెప్పే అధికారం ఎవరికీ లేదు, కాబట్టి మీకు నచ్చిన పనినే చేయవచ్చు. అలాగే మీ ప్రశ్నకు జవాబివ్వవలసిన, మీ ప్యాచ్‌ను (కోడ్‌లో మీరు పంపిన మార్పును) పరిశీలించవలసిన, మీకు నేర్పవలసిన బాధ్యత కూడా ఎవరికీ లేదు. మొదటి సగం అందరికీ నచ్చుతుంది. రెండో సగాన్ని జీర్ణించుకోలేక నెల తిరగకముందే వెళ్లిపోయేవారే ఎక్కువ.

మన కళాశాలల నుంచి, కంపెనీల నుంచి వచ్చేవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. గురువుగారో మేనేజరుగారో పని అప్పగిస్తేనే మొదలుపెట్టడం మనకు అలవాటు, అది మర్యాద కూడా. అందువల్ల చాలామంది మొదటి ఉత్తరంలోనే తమను తాము పరిచయం చేసుకుని, చదువు వివరాలు చెప్పి, తమకు ఏదైనా పని అప్పగించి దారి చూపించమని వినయంగా కోరతారు. ఆ ఉత్తరంలో తప్పేమీ లేదు. అయినా దానికి చాలాసార్లు జవాబు రాదు, వచ్చినా ఏదో ఒక పేజీ చదవమని చెప్పే ఒక్క వాక్యం వస్తుంది. ఎందుకంటే ఆ ఉత్తరం చదివే మనిషికి అది సహాయంలా కనబడదు. మీ స్థాయి ఏమిటో కనుక్కుని, తగిన పని వెతికి, వివరించి, సరిదిద్దే కొత్త బాధ్యతలా కనబడుతుంది. పెళ్లింట్లో ఏం చేయమంటారని అందరినీ అడుగుతూ తిరిగేవాడికన్నా, ఖాళీ అయిన గ్లాసులు చూసి మంచినీళ్ల జగ్గు అందుకున్నవాడే ఆ పూటకు ఇంటిమనిషి అవుతాడు. డెబియన్‌లోనూ అంతే: మరొకరి బరువును ఎక్కడ కొంత తగ్గించగలరో అక్కడే మీ చోటు ఉంటుంది. ఈ మార్గదర్శిలో ఇక మిగిలినదంతా ఆ చోటును గుర్తుపట్టడం ఎలాగనేదే.

అడుగు పెట్టే ముందు

మొదట డెబియన్‌ను రోజువారీగా వాడండి. ఇది చాలా మామూలు సలహాలా ఉంటుంది కాని, వాడని వస్తువును బాగుచేయడానికి వచ్చేవారు నిజంగానే ఉన్నారు. వీలైతే ఒక వర్చువల్ మెషీన్‌లో అస్థిర శాఖను, అంటే సిడ్‌ను కూడా పెట్టుకోండి. స్థిరమైన విడుదలలో మీకు కనిపించిన లోపం సిడ్‌లో ఈసరికే సరిచేసి ఉండవచ్చు. అది చూడకుండా పంపిన ఫిర్యాదు ఆ ప్యాకేజీ బాగోగులు చూసే వ్యక్తి, అంటే మెయింటెయినర్, సమయాన్ని తినేస్తుంది.

తరువాత ఒక ఈమెయిల్ చిరునామాను ఆలోచించి ఎంచుకోండి. డెబియన్ సామాజిక ఒప్పందం సమస్యలను దాచబోమని, బగ్ రిపోర్టుల (లోపాల గురించి వచ్చే నివేదికల) భాండాగారాన్ని ఎల్లవేళలా అందరికీ కనబడేలా ఉంచుతామని మాట ఇస్తుంది. దాని ఫలితంగా మీరు పంపే ప్రతి రిపోర్టూ, దానితోపాటు మీ పేరూ చిరునామా బహిరంగంగా, శాశ్వతంగా ఉండిపోతాయి. తరువాత తీసివేయమని కోరితే సాధారణంగా తీసివేయరు. కళాశాల ఇచ్చిన చిరునామా చదువు ముగియగానే మూతపడుతుంది. ఉద్యోగ చిరునామాతో పంపితే అది సంస్థ మాటగా కనబడే ప్రమాదం ఉంది. పదేళ్ల తరువాత కూడా మీ చేతిలోనే ఉండే సొంత చిరునామా మేలు.

ఇక మాట్లాడే తీరు. మెయిలింగ్ లిస్టులకు (ఒక ఉత్తరం సభ్యులందరికీ వెళ్లే ఈమెయిల్ చర్చావేదికలకు) సాదా పాఠ్యంలోనే రాయాలి, రంగులు, బొమ్మలు వద్దు. వరుసకు 80 అక్షరాలు మించకూడదు. జవాబిచ్చేటప్పుడు అవసరమైన వాక్యాలను మాత్రమే ఉంచి, వాటి కింద మీ మాట రాయాలి. కోరితే తప్ప వ్యక్తికి విడిగా నకలు పంపకూడదు. సెలవులో ఉన్నానని దానంతట అదే వెళ్లే జవాబును లిస్టుకు పోకుండా చూసుకోవాలి. సంబోధన విషయానికి వస్తే, అక్కడ అందరూ పేర్లతోనే పిలుచుకుంటారు. ‘గౌరవనీయులైన సర్’ అని మొదలుపెడితే ఎవరూ తప్పు పట్టరు గాని, అవతలి వ్యక్తి పురుషుడేనని ముందే తీర్మానించినట్టవుతుంది. 2014లో సభ్యులు ఓటు వేసి ఆమోదించిన ప్రవర్తనా నియమావళి గౌరవంగా ఉండమని, ఎదుటివారిది సదుద్దేశమేనని అనుకోమని, క్లుప్తంగా రాయమని చెబుతుంది. మూడవదాన్ని మనవాళ్లు తక్కువగా పట్టించుకుంటారని నా అభిప్రాయం. వందలాది ఉత్తరాలు చదివేవారికి నాలుగు వాక్యాల స్పష్టమైన ఉత్తరాన్ని మించిన మర్యాద లేదు.

తెలుగు చదవగలగడమే అర్హత అయిన చోట

మొదటి తోడ్పాటు ప్రోగ్రామింగే కానక్కరలేదు. నన్నడిగితే తెలుగువారికి అన్నిటికన్నా సహజమైన ప్రవేశద్వారం తెలుగు అక్షరాలే. డెబియన్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు ఉన్నాయి. లోహిత్ తెలుగు వాటిలో ఒకటి, పోతన, వేమన ఫాంట్లు ఇంకొక ప్యాకేజీలో వస్తాయి. వీటిని చూసుకునే వారందరూ తెలుగు చదవగలరనే నమ్మకం లేదు. ఒత్తు తప్పు చోట పడితే, గుడిదీర్ఘం పక్క అక్షరాన్ని తాకితే, అది తప్పని వారికి చెప్పగలిగేది మీరే.

అయితే ‘తెలుగు సరిగా కనబడడం లేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ‘స్త్రీ’ అనే పదం విడిపోయి కనబడుతోందని అనుకుందాం. తెర మీద ఆ ఒక్క అక్షరం రావడానికి కనీసం మూడు భాగాలు కలిసి పనిచేస్తాయి: పాఠ్యాన్ని పంపే అప్లికేషన్, ఏ అక్షరరూపాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ, ఆ రూపాలనూ వాటిని కలిపే నియమాలనూ తనలో దాచుకున్న ఫాంట్. లోపం ఎక్కడుందో తేల్చడానికి పెద్ద చదువులేమీ అక్కరలేదు. అదే పదాన్ని అదే ఫాంటుతో ఫైర్‌ఫాక్స్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ చూడండి. రెండింటిలోనూ ఒకేలా తప్పుగా ఉండి, వేరే ఫాంటు పెట్టగానే సరిపోతే అనుమానం ఫాంటు మీదకు వెళ్తుంది. ఒక అప్లికేషన్‌లో మాత్రమే, ఏ ఫాంటు పెట్టినా తప్పుగా ఉంటే ఆ అప్లికేషన్‌ను పట్టుకోవాలి. అన్ని ఫాంట్లలో, అన్ని అప్లికేషన్లలో తప్పితే అప్పుడు మధ్యనున్న లైబ్రరీ గురించి ఆలోచించాలి.

ఆ తరువాత రిపోర్టులో నాలుగు విషయాలు ఉండాలి. పదంలోని యూనికోడ్ అక్షరాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. సరైన రూపం ఎలా ఉండాలో మాటలలో: సకారం మీద గుడిదీర్ఘం, దానికి తకార రకార ఒత్తులు. తప్పు రూపం, ఒప్పు రూపం రెండూ పక్కపక్కన ఉన్న చిత్రం. చివరగా, ఏ ఏ ప్యాకేజీల ఏ ఏ రూపాంతరాలతో (వెర్షన్లతో) పరీక్షించారో. ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదాలలో కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉంటుందని, అది లేకపోతే టకారంతోపాటు వకారం కూడా ఫకారానికి ఒత్తుగా పడడం లోపం కాదని కూడా గుర్తుంచుకోండి. టైపు చేయడంలో వచ్చిన తేడాను ఫాంటు తప్పుగా చూపించే రిపోర్టులు మెయింటెయినర్‌ను అనవసరంగా తిప్పుతాయి.

ఈ రిపోర్టును పంపడానికి రిపోర్ట్‌బగ్ అనే పనిముట్టు ఉంది. అది మీ యంత్రంలోని ప్యాకేజీల వివరాలను తానే సేకరించి, ఇప్పటికే ఉన్న రిపోర్టుల జాబితాను చూపి, ఉత్తరాన్ని తయారుచేస్తుంది. ఆ జాబితాను తొందరపడి దాటేయకండి. మీ లోపాన్ని ఎవరైనా ఇదివరకే రాసి ఉంటే కొత్తది తెరవడం కన్నా దానికే మీరు కనుగొన్నది జతచేయడం మేలు. తీవ్రత ఎంతో అడిగినప్పుడు నిగ్రహం అవసరం. క్రిటికల్, గ్రేవ్, సీరియస్ అనే మూడు స్థాయిలు ఒక ప్యాకేజీని తదుపరి విడుదల నుంచే తప్పించగలవు. మీకు ఎంత చికాకు కలిగించినా, ఒక సంయుక్తాక్షరం విడిపోవడం సాధారణంగా నార్మల్ స్థాయిదే. స్థాయి పెంచితే పని త్వరగా జరుగుతుందని అనుకునేవారి రిపోర్టులను మెయింటెయినర్లు తరువాత అనుమానంతోనే తెరుస్తారు.

చాలాసార్లు వచ్చే జవాబు ఏమిటంటే, లోపం డెబియన్‌ది కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌ను రాసిన మూల ప్రాజెక్టుది అని. దీన్ని తిరస్కారంగా తీసుకోవద్దు. అక్కడికి వెళ్లి మీరే ఆ లోపాన్ని నమోదు చేసి, ఆ లంకెను డెబియన్ రిపోర్టుకు తెచ్చి ఇస్తే, మెయింటెయినర్ చేయవలసిన పనిని మీరు చేసినట్టే. ఒకే మెయింటెయినర్‌తో ఇలా రెండుమూడు సార్లు జరిగాక మీ పేరు ఆయనకో ఆమెకో గుర్తుండిపోతుంది.

అనువాదం కూడా ఇటువంటిదే. ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నల అనువాదాలను విష్‌లిస్ట్ (ఉంటే బాగుండుననే కోరిక) స్థాయి బగ్ రిపోర్టుగా, స్థానికీకరణ, ప్యాచ్ అనే గుర్తులతో పంపుతారు. ఇన్‌స్టాలర్‌లో తెలుగును చిత్రరూప తెర మీద తప్పక పరీక్షించండి. అక్షరాలు మాత్రమే చూపే పాత తరహా తెర మన లిపిని చూపలేదు. అనువదించేటప్పుడు ‘విభజన’ అనాలా ‘పార్టిషన్’ అనాలా అన్న చర్చలో వారాలు గడిపేకన్నా, ఇదివరకటి అనువాదంలో ఏ మాట ఉందో చూసి, ఫైలంతా ఒకే మాట వాడడం ముఖ్యం.

పని ఎంచుకోవడం, ఎదురుచూడడం

కోడ్ రాయాలనుకునేవారి మొదటి కోరిక దాదాపు ఎప్పుడూ ఒకటే: తమకు నచ్చిన, డెబియన్‌లో ఇంకా లేని సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీగా తేవడం. దీనిని నేను ప్రోత్సహించను. కొత్త ప్యాకేజీ అంటే కనీసం కొన్నేళ్లు దాన్ని చూసుకుంటాననే మాట. దానికి లైసెన్సులూ కాపీరైట్లూ ఫైలు ఫైలుకూ సరిచూడాలి. ప్యాకేజీలన్నీ ఉండే ఆర్కైవ్‌ను నిర్వహించే బృందం కూడా కొత్త ప్యాకేజీలన్నిటినీ విడిగా పరిశీలించాకే లోనికి తీసుకుంటుంది. అనుభవం లేనివారికి ఇది అన్నిటికన్నా ఎత్తయిన మెట్టు. ఇప్పటికే ఉన్న 70 వేలలో మనుషుల కోసం ఎదురుచూస్తున్నవి బోలెడు.

వాటిని కనుక్కోవడానికి హౌ-కెన్-ఐ-హెల్ప్ అనే చిన్న ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకోండి. మీ యంత్రంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే ఏది అనాథ అయింది (చూసుకునేవారు లేకుండా పోయింది), దేని మెయింటెయినర్ సాయం కోరుతున్నారు, ఏ లోపం కొత్తవారి కోసం ఉంచారు అన్నది అది చెబుతుంది. బగ్ వ్యవస్థలో ‘న్యూకమర్’ అనే గుర్తు ఉన్న లోపాలకు పరిష్కారం ఏమిటో మెయింటెయినర్‌కు ముందే తెలుసు. ఇంకొకరు చేసి నేర్చుకుంటారని వదిలిపెట్టినవి. మీరు రోజూ వాడే ప్యాకేజీలో అటువంటిది దొరికితే అంతకన్నా మంచి ఆరంభం ఉండదు. దాన్ని చేయడానికి అనుమతి అడగనక్కరలేదు, చేస్తున్నానని రిపోర్టులో ఒక వాక్యం రాస్తే చాలు. మధ్యలో ఆపేస్తే ఆ సంగతి కూడా రాయండి.

ప్యాచ్ చిన్నదిగా ఉండాలి. ఒక లోపాన్ని సరిచేస్తూ పక్కనున్న కోడ్ అంతటినీ మీ అభిరుచికి తగ్గట్టు దిద్దితే, చదివేవారికి ఏది అవసరమో ఏది అలంకారమో తెలియదు. కృత్రిమ మేధ పనిముట్లు రాసిచ్చిన మార్పును అర్థం చేసుకోకుండా పంపడం అంతకన్నా చెడ్డది. పరిశీలించే మనిషి ప్రశ్న అడిగితే జవాబు చెప్పవలసింది మీరే.

కొత్తవారు ప్యాకేజీని నేరుగా ఆర్కైవ్‌లోకి పంపలేరు. తయారుచేసిన దాన్ని ఇటువంటి ప్యాకేజీల కోసమే ఉన్న మెంటర్స్ సర్వర్‌లో పెట్టి, తమ తరఫున పంపే స్పాన్సర్ కావాలని ఒక బగ్ రిపోర్టు తెరవాలి. అధికారమున్న సభ్యులెవరైనా దాన్ని పరిశీలించి, నచ్చితే తమ సంతకంతో పంపుతారు. పంపిన తరువాత ఏ తప్పు జరిగినా ఆ సంతకం పెట్టినవారి పేరే వినబడుతుంది గనుక, వారు కటువుగా పరిశీలించడం సహజం. లింటియన్ అనే తనిఖీ పనిముట్టు చెప్పిన హెచ్చరికలన్నీ ముందే చూసుకోండి. భాషలవారీగా, విషయాలవారీగా ప్యాకేజీలు చూసుకునే బృందాలు ఉన్నాయి. పైథాన్ ప్యాకేజీ అయితే పైథాన్ బృందాన్ని, ఫాంటు అయితే ఫాంట్ల బృందాన్ని అడగడం, అందరికీ ఒకేసారి మొరపెట్టుకోవడం కన్నా త్వరగా ఫలిస్తుంది.

జవాబు రాకపోవడం ఇక్కడి వాతావరణంలో భాగం. మౌనానికి కోపం, తిరస్కారం అనే అర్థాలు వెంటనే ఇవ్వకండి. దాదాపు రెండేళ్లకొకసారి విడుదల వస్తుంది. దానికి ముందు కొన్ని నెలల పాటు మార్పులను స్తంభింపజేస్తారు. ఆ రోజులలో అందరూ విడుదలను ఆపగల లోపాల మీదే ఉంటారు, మీ చిన్న మెరుగుదలను ఎవరూ ముట్టుకోరు. మామూలు రోజులలోనైతే రెండుమూడు వారాలు ఆగి, అదే రిపోర్టులో మర్యాదగా ఒకసారి గుర్తుచేయవచ్చు. వ్యక్తిగత చిరునామాలకూ సోషల్ మీడియా ఖాతాలకూ వెంటపడడం మాత్రం తగదు.

మెయింటెయినర్ ఎంతకీ పలకకపోతే ప్యాకేజీని లాగేసుకునే హక్కు ఎవరికీ లేదు కాని, దానికీ ఒక పద్ధతి ఉంది. చాలాకాలంగా పట్టించుకోని ప్యాకేజీని నిలబెట్టే ఉద్దేశాన్ని బగ్ రిపోర్టుగా ప్రకటించి 21 రోజులు ఆగాలి. అభ్యంతరం రాకపోతే, కనీసం ఏడు రోజుల ఆలస్యంతో లోనికి వెళ్లే వరుసలో కొత్త రూపాన్ని పెట్టాలి. ఆ గడువులో మెయింటెయినర్ వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. కొత్తవారు దీన్ని సొంతంగా తలపెట్టకుండా, అనుభవజ్ఞులైన సభ్యులొకరిని వెంట పెట్టుకోవడం మంచిది. నిర్లక్ష్యం అనుకున్నది ఒక్కోసారి అనారోగ్యమో, ఇంట్లో కష్టమో అయి ఉంటుంది.

మీ పని మీదే విమర్శ వచ్చినప్పుడు పొట్టి వాక్యాలను చూసి నొచ్చుకోకండి. ఇంగ్లిషు మాతృభాష కానివారే అక్కడ చాలామంది. మృదువుగా చెప్పడానికి కావలసిన మాటలు వారికీ మీలాగే తడుముకుంటే గాని దొరకవు. నిజంగా అవమానించిన సందర్భం వేరు. అప్పుడు లిస్టులో వాదించకుండా, ఆ ఉత్తరాల లంకెలతో, ఇటువంటి ఫిర్యాదులు చూసే కమ్యూనిటీ బృందానికి రాయవచ్చు.

గుర్తింపు, సభ్యత్వం, విరామం

కొంతకాలం గడిచాక స్పాన్సరే మిమ్మల్ని సొంత హోదా తెచ్చుకోమని తొందరపెడతారు, ప్రతిసారీ మీ పని పంపలేక. 2007లో ఓటు ద్వారా ఏర్పడిన డెబియన్ మెయింటెయినర్ హోదా ఉన్నవారు తమకు అనుమతించిన ప్యాకేజీలను స్వయంగా పంపవచ్చు. దాని తరువాతది డెబియన్ డెవలపర్ హోదా, అదే పూర్తి సభ్యత్వం. ప్రతి ఏటా జరిగే నాయకుడి ఎన్నికలో, ఇతర తీర్మానాలలో వీరికి ఓటు ఉంటుంది. ప్యాకేజీలు చేయనివారికి, అంటే అనువాదకులు, పత్రరచయితలు, సమావేశాల నిర్వాహకులు వంటివారికి కూడా 2010 నుంచి పూర్తి సభ్యత్వం ఇస్తున్నారు. అప్‌లోడ్ అధికారం ఒక్కటే తేడా, ఓటు సమానమే.

ఈ హోదాలు రెండింటికీ జీపీజీ కీ (ఎలక్ట్రానిక్ సంతకానికి వాడే డిజిటల్ తాళంచెవి) కావాలి, దానిపై ఇప్పటికే సభ్యులైనవారి సంతకం కావాలి. సాధారణంగా ముఖాముఖి కలిసి, గుర్తింపు పత్రం చూపి, కీ వేలిముద్రను (ఆ కీని గుర్తుపట్టే అక్షరాల వరుసను) సరిచూసుకుంటేనే ఆ సంతకం లభిస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ఇది పూర్తిచేయడం కష్టం గనుక, దేశంలో ఎక్కడ డెబియన్ సమావేశం జరిగినా వెళ్లే ప్రయత్నం చేయండి. 2023 సెప్టెంబరులో ప్రపంచ వార్షిక సమావేశం డెబ్‌కాన్ కొచ్చిలో జరిగింది. అటువంటి చోట సంతకాలతోపాటు మనుషులూ పరిచయమవుతారు. కీ పోయినప్పుడు అది ఇక చెల్లదని ప్రకటించే రద్దు పత్రాన్ని ముందుగానే తయారుచేసి, కంప్యూటరులో కాకుండా వేరేచోట దాచండి.

చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు వంటి కారణాలతో పని ఆగిపోవడం ఎవరికైనా జరుగుతుంది, దానికి సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. చెప్పకుండా మాయమవడమే ఇబ్బంది, ఎందుకంటే పేరు ఉన్నంతకాలం ఇతరులు ఆ ప్యాకేజీ జోలికి రారు. ఉలుకూ పలుకూ లేనివారిని వెతకడానికి డెబియన్‌లో ప్రత్యేకంగా ఒక బృందమే పనిచేస్తోంది. మీకు తీరిక తగ్గుతోందని తెలిసిన రోజునే, తోడు కావాలనో, దత్తత తీసుకునేవారు కావాలనో, అనాథగా వదులుతున్నాననో తగిన రిపోర్టు తెరవండి. సగంలో ఉన్న మార్పులను అందరూ చూడగలిగే చోట పెట్టి, ఏది అయింది, ఏది కాలేదు, మూల ప్రాజెక్టులో ఎవరితో మాట్లాడుతున్నారు అన్నది అందులోనే రాస్తే, తరువాత వచ్చేవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు.